విదేశం నుంచి మన బ్యాంకు ఖాతాకు డబ్బు: స్విఫ్ట్ కోడ్ ఏ గడిలో, ఐఎఫ్ఎస్‌సీ ఏ గడిలో

రెమిటెన్స్ యాప్‌లో పంపితే చాలావరకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ సరిపోతాయి. బ్యాంకు నుంచి బ్యాంకుకు వైర్ చేసేటప్పుడే స్విఫ్ట్ కోడ్ కావాలి. విదేశీ బదిలీల్లో బ్యాంకును గుర్తించే కోడ్ ఇది, బిక్ అన్నా అదే. తికమక ఇక్కడే: రెండు కోడ్‌లూ 11 అక్షరాలు ఉండొచ్చు, రెండింట్లోనూ మొదటి నాలుగూ బ్యాంకు గుర్తే.

ఐదో స్థానం చూడండి. ఐఎఫ్ఎస్‌సీలో అక్కడ సున్నా ఉంటుంది, తర్వాతి ఆరూ బ్రాంచివి. స్విఫ్ట్‌లో ఐదు, ఆరు స్థానాలు దేశానివి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుది విడదీస్తే హెచ్‌డీఎఫ్‌సీ, ఐఎన్, బీబీ: బ్యాంకు, దేశం, ప్రాంతం. బ్రాంచికి ఇంకో మూడు అక్షరాలు ఉంటే ఉంటాయి, లేకుంటే ఎనిమిదితో ఆగుతుంది లేదా చివర మూడు ఎక్స్‌లు వస్తాయి.

చాలా బ్రాంచీలకు సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. అలాగని నెట్‌లో దొరికిన పక్క ఊరి కోడ్ పెట్టొద్దు. బ్రాంచికి వెళ్లి, ‘డాలర్లు ఏ స్విఫ్ట్ కోడ్‌కి పంపమనాలి, మధ్యలో ఏ బ్యాంకు పేరు రాయాలి?’ అని అడిగి కాగితం మీద రాయించుకోండి. మీ బ్రాంచి పేరు, ఐఎఫ్ఎస్‌సీ రిమార్క్స్ గడిలో వేయించండి. ఖాతాదారు పేరు పాస్‌బుక్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా ఉండాలి.

పాత పాస్‌బుక్ చూసి మాత్రం రాయకండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరాలో కలిశాయి. వాటి పాత కోడ్‌లు 2021లోనే ఆగిపోయాయి.

మన దేశంలో ఐబాన్ (కొన్ని దేశాలు వాడే అంతర్జాతీయ ఖాతా నంబరు) లేదు. ఫారంలో ఆ గడి కనిపిస్తే ముందు దేశం ఇండియా అని ఎంచుకున్నారో లేదో చూడండి. ఇక్కడి నుంచి దుబాయ్‌కి పంపితే మాత్రం 23 అక్షరాల ఐబాన్, జర్మనీకైతే 22 అక్షరాలది తప్పనిసరి.

లేని కోడ్ రాస్తే డబ్బు ఛార్జీలు పోను వెనక్కి వెళ్తుంది. కోడ్ సరైనదే అయినా పేరు, ఖాతా నంబరు కలవకపోతే మధ్యలో ఆగుతుంది. అప్పుడు పంపినవాళ్లు తమ బ్యాంకులో స్విఫ్ట్ కాపీ (బదిలీ సందేశం నకలు), ఆ బదిలీ జాడ తెలిపే 36 అక్షరాల యూఈటీఆర్ నంబరు తీసుకుని మీకు పంపాలి. ఆ రెండూ లేకుండా ఇక్కడి బ్రాంచిలో ఎన్నిసార్లు అడిగినా జాడ దొరకడం కష్టం. డబ్బు బ్యాంకుకు చేరినా ఖాతాలో పడకపోతే పర్పస్ కోడ్ (డబ్బు ఎందుకు వచ్చిందో చెప్పే కోడ్) అడుగుతున్నారేమో కనుక్కోండి. ఎన్ఆర్ఐ పిల్లలు ఇంటి ఖర్చులకు పంపినదైతే పీ1301.