వానకాలంలో హేవ్‌లాక్ ప్రయాణం: బయలుదేరే ముందు చూసుకోవలసినవి

వానకాలంలో గదుల అద్దెలు తగ్గుతాయన్న లెక్కతో, నాలుగు రోజులు సెలవు పెట్టి అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి, అంటే 2018 చివర స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన దీవికి, వెళ్లాలనుకునేవారు ముందుగా ఆలోచించవలసింది హోటల్ గురించి కాదు, తిరిగి వచ్చే రోజు గురించి. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) దాకా విమానం తీసుకువెళుతుంది గాని, అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు సముద్రం మీద పోవాలి. గాలి ముదిరితే ఓడలు ఆపేస్తారు. ఓడలు ఆగితే మీ విమానం మీ కోసం ఆగదు.

నైరుతి రుతుపవనాలు కేరళను తాకకముందే, మే మూడో వారం ప్రాంతంలో అండమాన్‌కు చేరతాయి. సెప్టెంబరు దాటితే గండం గడిచినట్టేనని మనవారిలో ఒక నమ్మకం ఉంది. అది సరి కాదు. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు కూడా అక్కడ నమ్మదగినవి కావు. 2016 డిసెంబరులో, తర్వాత వర్ధా తుపానుగా మారి చెన్నైని తాకిన వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే, నౌకాదళం, వైమానిక దళం, తీర రక్షక దళం కలిసి వారిని తీసుకురావలసి వచ్చింది. వారంతా పర్యాటకం జోరుగా సాగే నెలలో వెళ్లినవారేనన్నది గుర్తుంచుకోవాలి.

కాబట్టి చివరి రాత్రి బస తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే పెట్టుకోవాలి. ఉదయం హేవ్‌లాక్‌లో ఓడ ఎక్కి మధ్యాహ్నం విమానం అందుకుందామన్న ఏర్పాటు మంచి ఎండ రోజుల్లోనే సాహసం, వానల్లో అయితే డబ్బు నీళ్లలో పోసినట్టే. హోటల్ బుక్ చేసేటప్పుడు, ఓడలు రద్దయి మీరు చేరలేకపోతే సొమ్ము తిరిగి ఇస్తారా, అక్కడే చిక్కుకుపోతే అదనపు రాత్రికి ఎంత తీసుకుంటారు అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. కిటికీలోంచి సముద్రం కనబడుతుందా అన్నది ఆ తర్వాత అడగవచ్చు. వాన కురుస్తుంటే ఎలాగూ కనబడదు.

పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ చేతిలో కాదు, ఒంటి మీద ఉండాలి. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ సమీపంలో పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న పర్యాటక పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. జనం కిక్కిరిసి ఉంటే, టికెట్టు డబ్బులు పోయినా సరే, దిగిపోవడానికి మొహమాటపడకండి.

ఇక నీళ్ల సంగతి. హేవ్‌లాక్‌లోని రాధానగర్ తీరం పశ్చిమానికి తిరిగి ఉండడం వల్ల నైరుతి కెరటాలు నేరుగా దాని మీదికే వస్తాయి. విశాఖలో యారాడ దగ్గర ఈతకు దిగి కొట్టుకుపోయినవారి వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నా, కొత్త ఊరి సముద్రం పాత పాఠాన్ని మరిపిస్తుంది. కాళ్ల కింది ఇసుకను లాగేస్తూ వెనక్కి తీసుకుపోయే ప్రవాహంలో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు మళ్లాలి. ఎర్రజెండా ఉన్నచోట పాదాలు తడుపుకోవడానికైనా దిగవద్దు. తూర్పున ఉన్న విజయనగర్ తీరంలో చిక్కు వేరు: ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి పదునైన రాళ్లు, పగడాలు బయటపడతాయి, చెప్పులు లేకుండా నడిస్తే పాదాలు కోసుకుపోతాయి. ఆటుపోట్ల వేళలు హోటల్‌లో ముందు రోజే అడిగి తెలుసుకోవచ్చు.

ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయంటే చాలామంది నవ్వుతారు. 2010లో రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్ దగ్గర అమెరికా పర్యాటకురాలు ఒకరు మొసలి దాడిలో ప్రాణాలు కోల్పోయారు. మడ అడవుల దగ్గర, వాగులు సముద్రంలో కలిసే చోట, చీకటి పడ్డాక నీళ్లలోకి దిగకూడదు. ఆ దీవులు మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కనుక, డిసెంబరులో సాయంత్రం అయిదుకే, జూన్‌లోనైనా ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. మన అలవాటు ప్రకారం నాలుగున్నరకు టీ తాగి తీరానికి బయలుదేరితే తిరిగివచ్చేది చీకట్లోనే.

స్కూబా, అంటే గాలి సిలిండరు కట్టుకుని సముద్రం లోతుకు మునగడం, చేయాలనుకుంటే దాన్ని మొదటి రోజుల్లోనే పెట్టుకోండి, ఎందుకంటే లోతులో ఒంట్లో కరిగిన నత్రజని పూర్తిగా బయటికి పోకముందే విమానం ఎక్కితే ప్రమాదం. ఒకటికి మించి మునకలు వేస్తే కనీసం 18 గంటలు ఆగాలంటారు, ఒక పూర్తి రోజు వదిలితే నిశ్చింత. ఉబ్బసం, గుండెజబ్బు, చెవి నొప్పి ఉన్న సంగతిని స్కూబాకు ముందు నింపే ఫారంలో దాచిపెట్టడం తెలివి కాదు.

దీవిలో ప్రాథమిక వైద్యమే దొరుకుతుంది, పెద్ద ఆస్పత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. బి.పి., షుగరు మాత్రలు అనుకున్న రోజులకు కాక అదనంగా నాలుగు రోజులకు సరిపడా పెట్టుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వేసినా గాలివానలో ఫోన్ చెల్లింపులనే నమ్ముకోకుండా కొంత నగదు ఉంచుకోండి. ఒడ్డున దొరికిన పగడపు ముక్క చచ్చినదైనా సంచిలో వేసుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, విమానాశ్రయంలో పట్టుబడితే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన మనవాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో చాలామంది ఉన్నారు, జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగు వినబడుతుంది. ఓడ ఎక్కే ముందు రోజు అక్కడికి వెళ్లి, రేపు వేటకు పోతున్నారా అని ఒక్క మాట అడగండి. పోవడం లేదంటే, ఆ దీవి ప్రయాణాన్ని మరునాటికి వాయిదా వేసుకోండి.