వంశ చిహ్నాన్ని రూపొందించుకోవడం ఎలా? ఓరుగల్లు ప్రాంతపు కుటుంబాలకు ఒక మార్గదర్శిని

ఇంటిపేరు చెబితే చాలు, సింహమూ కిరీటమూ ఉన్న డాలు బొమ్మను ‘మీ వంశ చిహ్నం’ అని చేతిలో పెట్టే అమ్మకందారులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వారికి డబ్బు చెల్లించవలసిన అవసరం లేదు. ఈ సంప్రదాయం వేళ్లూనుకున్న ఇంగ్లండులోనే అటువంటి చిహ్నం ఒక వ్యక్తికి, అతని సంతతికి చెందుతుందే తప్ప ఆ ఇంటిపేరు గలవారందరికీ చెందదు. దానిని మంజూరు చేయడానికి లండన్‌లో 1484లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఉన్నది. మన స్వదేశీ సంస్థానాధీశుల్లో చాలామందికి డాలు ఆకారపు చిహ్నాలను 1877 నాటి ఢిల్లీ దర్బారు జెండాల కోసం రాబర్ట్ టేలర్ అనే బెంగాల్ సివిల్ సర్వీసు అధికారి రూపొందించాడు. కాబట్టి కోటల్లోని డాళ్లను చూసి అదే మన పాత పద్ధతి అనుకోవడం సరికాదు.

మన పాత పద్ధతి లాంఛనం, అంటే రాజవంశం తనదిగా పెట్టుకున్న గుర్తు. దాని తీరు తెలియాలంటే కాకతీయులను చూడాలి. ఆ వంశపు తొలి రాజుల్లో ఒకరైన బేతరాజును శాసనం ‘గరుడాంక’ బేతడని పేర్కొంటుంది. రాష్ట్రకూటుల ధ్వజ చిహ్నమైన గరుడుడు వారి సామంతులైన తొలి కాకతీయుల వద్ద కనిపించడంలో వింత లేదు. తరువాత కల్యాణి చాళుక్యులకు సామంతులైన కాకతీయులు చాళుక్య వరాహాన్ని స్వీకరించారు, స్వతంత్రులైన తరువాత కూడా దానినే నిలుపుకున్నారు. అందువల్ల ఏ గుర్తునైనా అందంగా ఉన్నదని కాక, అది ఎవరితో ఏ సంబంధాన్ని తెలుపుతున్నదో విచారించి ఎంచుకోవాలి.

మొదటి పని ఆధారాలు సేకరించడం, ఎక్కువ కాలం పట్టేదీ ఇదే. ఇంట్లోని పెద్దమనుషులను ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చింది, ఇలవేల్పు ఎవరు, ఐనవోలు మల్లన్నకో కొమురవెల్లి మల్లన్నకో మొక్కు ఎప్పటి నుంచి ఉన్నది, పెండ్లిలో తమ ఇంటికే ప్రత్యేకమైన ఆచారం ఏమిటి అని విడివిడిగా అడిగి, వారి మాటల్లోనే రాసుకోవాలి. మన ప్రాంతంలో కులపురాణం చెప్పే ఆశ్రిత కులాల వారు మరొక విలువైన ఆధారం. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు చేర్యాల నకాశీలు గీసిన పటం విప్పి కథ చెబుతారు. ఆ పటంలో మూలపురుషుని చేతిలో ఏమున్నదో, ఆయన పక్కన ఏ జంతువు ఉన్నదో గమనిస్తే, ఏ పుస్తకంలోనూ దొరకని గుర్తులు దొరుకుతాయి. అయితే అవి కులానికంతటికీ చెందినవి; మీ కుటుంబపు ప్రత్యేకత వాటి పక్కన వేరుగా చేరాలి.

కాగితాల విషయానికి వస్తే 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు, అంతకు ముందరి భూమి సర్వే రికార్డైన సేత్వార్ నకళ్లు తాతముత్తాతల పేర్లను, వారు సాగు చేసిన భూములను చూపుతాయి. నిజాం కాలపు పత్రాలు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి కనుక చదివి చెప్పేవారిని ముందే చూసుకోవాలి. ఆ పత్రాల్లో కనిపించే ఫసలీ (రెవెన్యూ లెక్కల) సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. వరంగల్, కరీంనగర్ జిల్లాల శాసన సంపుటాలలో ఇంటిపేరు కనబడగానే సంబరపడకూడదు. 1213లో రామప్ప గుడిని కట్టించిన రుద్రునిదీ రేచర్ల వంశమే, తరువాత రాచకొండను ఏలిన పద్మనాయకులదీ రేచర్ల పేరే, కాని ఆ రెండు వంశాలూ వేరు. నడుమ తరాలు తెలియనప్పుడు ‘మా పూర్వీకుడు’ అని రాయకుండా ‘ఇదే పేరు గలవాడు’ అని రాయడం నిజాయితీ.

సేకరించిన వాటిలోంచి రెండు మూడు గుర్తులకు మించి తీసుకోవద్దు. నేతపని ఇంటికి నాడె, కల్లుగీత ఇంటికి మోకు, చెరువు కింద సాగు చేసిన ఇంటికి తూము, కుమ్మరి ఇంటికి సారె చక్కగా సరిపోతాయి. ఖడ్గం పట్టని ఇంటికి ఖడ్గం ఎందుకో నాకు అర్థం కాదు. రంగుల్లో పాశ్చాత్యుల నియమం ఒకటి పాటించదగినది: పసుపు, తెలుపు ఒక వర్గం, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు మరొక వర్గం; ఒకే వర్గపు రంగును అదే వర్గపు రంగు మీద పెట్టరు, ఎందుకంటే దూరం నుంచి బొమ్మ తేలదు. చేర్యాల పటాల ఎర్రని నేల మీద పసుపు గుర్తు ఈ నియమానికి సరిపోవడమే కాక, చూడగానే మన ప్రాంతాన్ని గుర్తు చేస్తుంది. కాకతీయ తోరణాన్ని ఇష్టపడేవారు రాష్ట్ర ప్రభుత్వ చిహ్నంలోని బొమ్మను ఎత్తి వాడకూడదు. నాలుగు సింహాల జాతీయ చిహ్నం దుర్వినియోగాన్ని 2005 నాటి చట్టం నిషేధిస్తున్నది.

చిత్రం పూర్తయ్యాక దానిని మాటల్లో వర్ణిస్తూ ఒక పత్రం రాయాలి. ఐరోపాలో అసలు ప్రమాణం ఆ వర్ణనే. దానికి లోబడి ఏ చిత్రకారుడు తన శైలిలో గీసినా అది అదే చిహ్నం. ‘ఎర్రని నేల మీద పసుపు నాడె, దాని కింద రెండు తెల్లని అలలు’ అని రాసి, అలలు ఏ చెరువుకు గుర్తో, ఆ సంగతి ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉన్నదో, ఏది కేవలం ఇంట్లో చెప్పుకునే మాటో విడదీసి చూపి, తేదీ వేసి, అన్నదమ్ముల అక్కచెల్లెండ్ల ఇండ్లన్నింటికీ ఒక్కొక్క ప్రతి పంపాలి.