వేరే గ్రహం మీద జీవం అని వార్త వస్తే గ్రాఫు చూడటం ఎలా

‘ఫలానా గ్రహం మీద జీవం ఆనవాళ్లు’ అని వాట్సాప్‌లో ఏదైనా తిరుగుతుంటే, ముందు దానికి తగిలించిన నీలం గోళం బొమ్మను పక్కన పెట్టండి. అది చిత్రకారుడు గీసింది. సౌరకుటుంబం బయట ఇప్పటికి 6 వేలకు పైగా గ్రహాలు దొరికాయి, కానీ సముద్రాలూ మబ్బులూ కనిపించేలా ఫొటో తీసింది ఒక్కదాన్నీ లేదు. శాస్త్రవేత్తల చేతిలో ఉండేది ఒక గ్రాఫు, దాని మీద కొన్ని చుక్కలు. దాన్ని చదవడం పదో తరగతి పిల్లలకి కూడా వస్తుంది. కావలి దగ్గర హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, వాళ్ల చేత చదివిస్తూనే ఉన్నాను.

గ్రాఫు కంటే ముందు వంటింటి పని ఒకటుంది, వెలుగును రంగులుగా విడదీసి చూపే పెట్టె చేసుకోవాలి. పాత డీవీడీని కత్తెరతో ముక్క కోస్తే అంచు దగ్గర రెండు పొరలుగా విడిపోతుంది. వెండి పూత లేని పొర తీసుకోండి. పూత అంటుకుని ఉంటే టేపు వేసి లాగితే వచ్చేస్తుంది. చెప్పుల అట్టపెట్టెకి ఒక చివర సన్నటి చీలిక పెట్టాలి. అట్టను కోసి వదిలేస్తే అంచులు పీచుపీచుగా ఉంటాయి, అందుకని రెండు బ్లేడు ముక్కలు ఎదురెదురుగా అతికించండి. మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండకూడదు. ఎదుటి చివర కంత చేసి డీవీడీ ముక్కతో మూయండి. ముక్క మీది గాడులు చీలికకి సమాంతరంగా ఉండాలి, లేకపోతే రంగులు వంకర తిరుగుతాయి. కంతలోంచి ఏటవాలుగా పక్కకి చూస్తే రంగుల పట్టీ కనిపిస్తుంది.

ఇప్పుడు తడి పుల్లకి మెత్తటి ఉప్పు అద్ది గ్యాస్ మంటలో పెట్టండి. ఇస్కపల్లి ఉప్పయినా సరే, దంచుకుంటే చాలు. పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఉండాలి. మంట పసుపుగా మారుతుంది, పెట్టెలో పసుపు చోట ఒక గీత మెరుస్తుంది. అది సోడియం. తర్వాత పెట్టెను పగటి వెలుగు పడుతున్న తెల్లగోడ వైపు తిప్పండి (సూర్యుడి వైపు మాత్రం వద్దు). చీలిక బాగా సన్నగా ఉంటే, అదే పసుపు చోట నల్లటి గీత కనిపిస్తుంది. సూర్యుడి పైపొరల్లోని సోడియం ఆ రంగును మింగేసిందన్నమాట. ఏ వాయువు ఏ రంగును మింగుతుందో తెలిస్తే, అక్కడికి వెళ్లకుండానే అక్కడేముందో చెప్పొచ్చు. 2001లో హబుల్ టెలిస్కోప్‌తో ఒక బయటి గ్రహపు గాలిని మొదటిసారి పట్టుకున్నది ఈ సోడియంతోనే.

ఒక గీత సోడియం గీత పక్కనే ఉంది కదా అని అదీ సోడియమే అనుకుంటే పొరపాటు పడతాం. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు వచ్చి ఇలాంటి పరికరంతోనే చూశాడు, మద్రాసు అబ్జర్వేటరీ ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్ మచిలీపట్నంలో చూశాడు. ఆ రోజు సూర్యుడి అంచున కనిపించిన పసుపు గీత సోడియం గీతకి ఆనుకుని ఉన్నా సోడియం కాదు. అది హీలియం. ఆ హీలియం భూమ్మీద దొరకడానికి 1895 దాకా పట్టింది.

ఇక గ్రాఫు. గ్రహం తన నక్షత్రం ముందుగా వెళ్లినప్పుడు నక్షత్రం వెలుగు కాస్త తగ్గుతుంది. దీన్ని ట్రాన్సిట్ అంటారు. దూరం నుంచి ఎవరైనా మన సూర్యుణ్ణి చూస్తే, భూమి అడ్డం వచ్చినప్పుడు తగ్గే వెలుగు 0.008 శాతం. అందులో మన గాలిపొర వాటా ఇంకెంత స్వల్పమో చూసుకోండి. గ్రాఫులో అడ్డంగా ఉండేది తరంగదైర్ఘ్యం, అంటే వెలుగు ఏ రంగుదో చెప్పే కొలత, మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నిలువుగా ఉండేది ఎంత వెలుగు తగ్గిందన్న లెక్క. పిల్లలు ఇక్కడే తికమక పడతారు. వాయువు వెలుగును మింగితే గ్రాఫు కిందికి దిగదు, పైకి లేస్తుంది. ఎందుకంటే ఆ రంగులో గాలిపొర కూడా అడ్డమై గ్రహం కాస్త పెద్దదిగా కనిపిస్తుంది.

చుక్కల మధ్యలోంచి రంగు గీత ఒకటి వెళ్తుంది. అది కొలిచింది కాదు, కంప్యూటర్ లెక్క. ఫోన్‌లో గ్రాఫు తెరిచి కొలిచిన చుక్కల్ని వేరే కాగితం మీద పెన్సిల్‌తో దించుకోండి. గీతను మాత్రం దించొద్దు. చుక్కకి పైనా కిందా ఉండే నిలువు కర్రలను వదలకుండా గీయండి, అసలు విలువ ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేది అవే. ఇప్పుడు చుక్కల్లో మూపురం, అంటే ఒకచోట చుక్కలు గుంపుగా పైకి లేవడం, కనబడుతుందా?

మొదటి అభ్యాసానికి వాస్ప్-39బి తీసుకోండి. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఇచ్చిన గ్రాఫు. 4.3 మైక్రాన్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్ మూపురం, గీత లేకపోయినా కొండలా లేచి ఉంటుంది. ఇది జీవం ఉండే గ్రహం కాదు, వేడివేడి వాయుగోళం. అందుకే నేర్చుకోవడానికి సులువు.

తర్వాత కే2-18బి. సింహరాశి వైపు 124 కాంతి సంవత్సరాల దూరం, భూమికి 2.6 రెట్ల వ్యాసార్థం, 33 రోజులకొక చుట్టు. 2019లో హబుల్ గ్రాఫులో 1.4 మైక్రాన్ల దగ్గర మూపురం చూసి నీటి ఆవిరి అన్నారు. ఆ చోట మీథేన్ కూడా మింగుతుంది. 2023లో వెబ్ ఎక్కువ రంగుల్లో చూస్తే మీథేన్, కార్బన్ డయాక్సైడ్ స్పష్టంగా తేలాయి, నీటి ఆవిరి తేలలేదు. అందుకే ఒక్క మూపురంతో వాయువు పేరు పెడితే ఒప్పుకోకండి, అదే వాయువుకి రెండో మూపురం వేరే చోట ఉందా అని చూడండి.

2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్‌లోని నిక్కు మధుసూదన్ బృందం అదే గ్రహం మీద డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దాని దగ్గరి బంధువు డైసల్ఫైడ్ గానీ ఉండొచ్చని చెప్పినప్పుడు మా క్లాసులో గోలే గోల. “సార్, ఆడ చేపలున్నాయంట గదా!” తుమ్మలపెంట బీచ్‌లో గాలితో వచ్చే సముద్రపు వాసనలో ఈ డైమిథైల్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. ఇక్కడ దాన్ని ఎక్కువగా పుట్టించేది సముద్రంలోని సూక్ష్మజీవులు. ఆ గ్రాఫు 6 నుంచి 12 మైక్రాన్ల మధ్యది. దాని చుక్కలు కాగితం మీదికి దించి చూడండి, కర్రలు పొడుగ్గా ఉంటాయి, మూపురం అంత తేలిగ్గా కనబడదు. వాళ్లే చెప్పిన బలం 3 సిగ్మా. అంటే ఏమీ లేకుండానే యాదృచ్ఛికంగా అలా కనబడే అవకాశం వెయ్యికి 3. వినడానికి గట్టిగానే ఉంది గానీ, కనుగొన్నామని చెప్పడానికి ఈ రంగంలో 5 సిగ్మా అడుగుతారు. వేరే బృందాలు అదే డేటాను తమ పద్ధతిలో లెక్కగట్టి ఆనవాలు అంత బలంగా లేదన్నాయి. రొయ్యల చెరువులున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ఒక్క ల్యాబు రిపోర్టు పట్టుకుని పట్టుబడికి (చెరువులో రొయ్యలు పట్టేయడానికి) దిగరు కదా.

వాయువు నిజంగానే ఉందనుకున్నా, జీవం లేకుండా పుట్టగలదా అని అడగాలి. డైమిథైల్ సల్ఫైడ్‌ను 67పి తోకచుక్క మీద కూడా కనుగొన్నారు, అక్కడ సముద్రం లేదు. వార్తలో ఈ ప్రశ్న ఊసే లేకపోతే నేను ఆ వార్తను నమ్మను.

చివరగా నక్షత్రం సంగతి. 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 చల్లటి ఎర్ర మరుగుజ్జు (సూర్యుడి కంటే చాలా చిన్న నక్షత్రం), దాని మీదే మచ్చలుంటాయి. ఆ మచ్చల్లోనూ నీటి ఆవిరి ఉండగలదు, కాబట్టి మూపురం గ్రహానిదా నక్షత్రానిదా అన్న సందేహం వదలదు. అక్కడి ఏడు గ్రహాల్లో నివాసయోగ్య మండలంలో (నీరు ద్రవంగా నిలవగల దూరంలో) ఉన్న ‘ఈ’ అనే గ్రహం మీద మొదటి నాలుగు ట్రాన్సిట్ల ఫలితాలు 2025 సెప్టెంబరులో వచ్చాయి. హైడ్రోజన్ నిండిన గాలి లేదని చెప్పగలిగారు, వేరే గాలి ఉందో లేదో తేలలేదు. ఇంకా ట్రాన్సిట్లు చూస్తున్నారు. కొత్త గ్రాఫు రాగానే కాగితం, పెన్సిల్ తీసుకుని, కర్రలు పాతవాటికంటే పొట్టివయ్యాయా అన్నది మొదట చూడండి.