పెద్దల ఊరికి, సమాధులకు బంధువులంతా వెళ్ళాలంటే

చిత్తూరు, తిరుపతి వైపు పెద్దల ఊరికి ఇరవై మంది బయల్దేరినప్పుడు పని చెడేది చాలాసార్లు ఊరి పేరు దగ్గరే. తాతలు చెప్పేది పల్లె పేరు. రికార్డుల్లో ఉండేది రెవెన్యూ గ్రామం పేరు. కొత్తపల్లెలు, రామాపురాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి మండలం తేలకుండా బండి మాట్లాడొద్దు. పాత దస్తావేజులో ఉత్తర ఆర్కాటు జిల్లా అని ఉంటే అది మన ఊరు కాదేమో అనుకోకండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు అందులోవే. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లావి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. 2022 నుంచి తిరుపతి వేరే జిల్లా.

రెండు వారాల ముందు ఇద్దరు వెళ్ళి రావాలి, అందులో ఒకరు ఆ ఊరి యాస మాట్లాడే పెద్దాయనైతే మేలు. ఏం మానినా ఇది మానొద్దు. ఇంటిపేరు ఒక్కటే అడిగితే చాలదు. తాతను ఊర్లో ఏమని పిలిచేవాళ్ళు, ఇల్లు ఏ వీధి, కులదైవం ఎవరు అని కూడా అడగండి. అసలు పేరుకు తల అడ్డంగా ఊపిన ముసలమ్మ పిలుపు పేరు వినగానే గుర్తుపడుతుంది. అడంగల్, 1బీ లాంటి భూమి రికార్డుల మాట మాత్రం ఎత్తకండి. టెంపో ట్రావెలర్ దిగినవాళ్ళు పట్టాల గురించి అడిగితే భూమి కోసం వచ్చారనుకుని ఎవరూ నోరు విప్పరు.

చాలా సమాధులు సొంత చేలోనే ఉంటాయి. చేను చేతులు మారి ఉంటే కొన్నవాళ్ళను ముందే అడగాలి, పైరు ఎప్పుడు కోస్తారో కూడా. క్రైస్తవుల సమాధులైతే చర్చి ఖనన రిజిస్టరు చూపించమని పాస్టరును అడగండి, ముస్లింల ఖబరస్తాన్ అయితే దాన్ని చూసుకునే ముతవల్లిని కలవండి.

సంక్రాంతి దాటాక ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. నవంబరు, డిసెంబరు వానలకు చేల దారుల్లో బండి దిగబడుతుంది. వైకుంఠ ఏకాదశికి, బ్రహ్మోత్సవాలకు తిరుపతిలో రూములు దొరకవు, చిత్తూరులో దిగండి.

రోజుకు రెండే ఊర్లు, మూడోది ఆశ. పొద్దున కులదైవం గుడి, తర్వాత పాత ఇల్లు, చుట్టాలు, భోజనం; శ్మశానం ఆఖర్న, నాలుగు గంటలకు. స్నానం చేయకుండా అక్కడి నుంచి గుడికి రావడానికి పెద్దవాళ్ళు ఒప్పుకోరు, తిరిగి రూముకు పోవడమే సులువు. పైగా ఏటవాలు వెలుతురులో అరిగిన అక్షరాలు తేలి కనిపిస్తాయి. తిరుమల దర్శనం మొదటి రోజుకే పెట్టుకోండి. ఏడాది లోపు ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే ఆ ఇంటివాళ్ళు కొండకు రారు, టికెట్ల లెక్కలో వాళ్ళను కలపొద్దు.

కొడవలి, చేతొడుగులు, మెత్తటి కుంచె, ఐదు లీటర్ల నీళ్ళు, చిన్న అద్దం చాలు. అందరికీ బూట్లు ఉండాలి, సర్కారు తుమ్మ ముల్లు చెప్పులోంచి దిగుతుంది. రాయిని నీళ్ళతో, కుంచెతోనే తుడవండి. ఇనుప బ్రష్, యాసిడ్ వాడితే అక్షరాల అంచులే పోతాయి. అద్దంతో ఎండను పక్కనుంచి రాయి మీదికి తిప్పి ఫోటో తీయండి: సమాధి మొత్తం ఒకటి, రాత దగ్గరగా ఒకటి, చుట్టూ గుర్తులతో ఒకటి. లొకేషన్ అక్కడే సేవ్ చేయండి. పేరులేని దిబ్బలు ఎవరివో ఊరి పెద్దల చేత చెప్పించి ఫోన్లో రికార్డు చేసుకోండి. సున్నం కొట్టించాలనుకుంటే ఫోటోలన్నీ సరిచూసుకున్నాకే కూలి మాట్లాడండి, ఒక పూత పడితే సన్నటి రాత పూడిపోతుంది.