బరువు తగ్గించే మందు విషమా కాదా: పురుగుల మీద పరీక్షించే పద్ధతి

డబ్బా మీద లేబుల్ కూడా సరిగ్గా లేని స్లిమ్మింగ్ పొడులు మన ఊర్లదాకా వచ్చేశాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని మన దేశంలో 2011లో నిషేధించిన ఆకలి తగ్గించే మందు సిబుట్రమిన్‌ను "మూలికా మందు" అని చెప్పి కలిపి అమ్మడం ప్రపంచమంతా బయటపడింది. అందుకే నల్లగొండ ఎంజీయూలోనో పాలమూరు యూనివర్సిటీలోనో ప్రాజెక్టు వెతుక్కునే పిల్లలు ఇలాంటి మందులను పురుగుల మీద పరీక్షించడాన్నే ప్రాజెక్టుగా తీసుకోవాలని నా కోరిక.

పురుగు పేరు సీ. ఎలిగాన్స్. ఒక మిల్లీమీటరు పొడుగు, ఒళ్లంతా పారదర్శకం, గుడ్డు నుంచి పెద్దది కావడానికి సుమారు మూడు రోజులు. ఎన్2 అనే మామూలు రకాన్ని అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ సేకరణ కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు, లేదా ఇప్పటికే వీటిని పెంచుతున్న ల్యాబ్‌ను అడగండి. అగర్ ప్లేటు మీద ఓపీ50 అనే ఈ. కోలై బ్యాక్టీరియా పోస్తే అదే వాటి తిండి. ఇంక్యుబేటర్ 20 డిగ్రీల దగ్గర ఉండాల్సిందే. మన ఎండాకాలంలో కరెంటు పోయి గది వేడెక్కిందంటే పురుగులు మందు వల్ల చచ్చాయో వేడికి చచ్చాయో తేల్చలేరు, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టకండి.

ముందు అన్నీ ఒకే వయసువి కావాలి. గుడ్లున్న పెద్ద పురుగులను బ్లీచ్, సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన ద్రవంలో కరిగిస్తే గుడ్లు మాత్రం మిగులుతాయి, వాటిని ఎం9 అనే ఉప్పు ద్రవంలో బాగా కడిగి రాత్రంతా వదిలితే పిల్లలు బయటికొచ్చి తిండి లేక ఎల్1 అనే తొలి పిల్ల దశలో ఆగిపోతాయి. తిండి ప్లేటు మీద వేస్తే సుమారు రెండు రోజుల్లో పెద్దవయ్యే ముందు దశ ఎల్4కు వస్తాయి. పరీక్ష అప్పుడే.

ఓర్లిస్టాట్ లాంటి బరువు తగ్గించే మందులు నీళ్లలో కరగవు, ద్రావకమైన డీఎంఎస్‌ఓలో కరిగించాలి, చివరికి అది 0.5 శాతం దాటకూడదు. పురుగు చర్మం మందును తేలిగ్గా లోపలికి రానివ్వదు కాబట్టి కనీసం ఐదు మోతాదులు పెట్టుకోండి. 24 గుంటల ప్లేటులో గుంటకు 30 దాకా పురుగులు, మందు, తిండి. పక్కన మందు లేని గుంట, డీఎంఎస్‌ఓ మాత్రమే ఉన్న గుంట, ఇంకా లెవామిసోల్ వేసిన గుంట తప్పనిసరి. గొర్లకు తాగించే నట్టల మందుల్లో ఉండే లెవామిసోల్‌కు కూడా పురుగు బిగుసుకుపోలేదంటే మీ పరీక్షలోనే లోపముంది. 24 గంటల తర్వాత ప్లాటినం తీగతో తాకండి, కదలకపోతే చచ్చినట్టు లెక్క. మొత్తం పరీక్షను వేరువేరు రోజుల్లో మూడుసార్లు చేయాలి.

చావు లెక్క ఒక్కటే చాలదు, ఈ మందులతో అసలు చిక్కు ఇక్కడే ఉంది. తిండి తగ్గితే ఈ పురుగు ఎక్కువ రోజులు బతుకుతుంది, అంటే ఆకలి చంపే మందు వేసినప్పుడు ఆయుష్షు పెరిగినట్టు కనిపించి మంచిదేమో అనిపిస్తుంది. అందుకని తిండి మింగే గొంతు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూడండి, ఆరోగ్యంగా ఉన్నది తిండి మీద 200 సార్లకు పైనే కొట్టుకుంటుంది. గుడ్లెన్ని పెట్టింది, ఒళ్లెంత పొడుగు, ద్రవంలో ఎలా ఈదుతోంది, అన్నీ రాసుకోండి. ఓపీ50 బతికుంటే అదే మందును మార్చేయొచ్చు, వేడిచేసి చంపిన బ్యాక్టీరియాతోనూ ఒకసారి చేయండి. కడుపులోనే గుడ్లు పొదిగి చచ్చిన తల్లి పురుగులను మాత్రం విషం లెక్కలో కలపకండి.

ఏ మోతాదులోనూ ఏమీ కాలేదనుకోండి, అప్పుడు కూడా "సురక్షితం" అని రాయకండి. గుండె కవాటాలు పాడవుతున్నాయని 1997లో బరువు తగ్గించే మందు ఫెన్‌ఫ్లూరమిన్‌ను మార్కెట్ నుంచి తీసేశారు, ఈ పురుగుకు గుండే లేదు, ఆ ప్రమాదాన్ని అది ఎలా చూపిస్తుంది? "ఈ మోతాదు వరకు పురుగుల్లో హాని కనిపించలేదు" అని రాస్తే చాలు. ఊర్లో అమ్మే పొడి వల్ల పురుగులు చస్తే వాట్సాప్‌లో పెట్టకుండా, సీలు తీయని డబ్బా, కొన్న రసీదుతో మీ గైడ్ ద్వారా జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి, అందులో ఏం కలిసిందో తేల్చడం అక్కడి ల్యాబ్ పని.