రేవులో మనిషి, గోడ మీద వెలుగు – నాలుగో పాఠం

పోయిన పాఠంలో ఫొటో కోసం మనిషిని బోర్లించిన పడవ మీద కూర్చోబెట్టాం. ఈసారి పాత గోడ ముందు నిలబెడదాం. పడవ కంటే గోడ కష్టం. పెచ్చులూడిన సున్నం, లోపలి నుంచి తొంగిచూసే ఎర్ర ఇటుక, పగులులో మొలిచిన రావి మొక్క, ఇన్ని ఉంటే కన్ను ముందు వాటి మీదికే పోతుంది. నా తొలి ఫొటోల్లో గోడలు బాగా వచ్చేవి, మనుషులు మాత్రం వాటికి అంటించిన వాల్‌పోస్టర్లలా ఉండేవారు.

ముందు ఒడ్డు చూసుకోండి. ధవళేశ్వరం, కోటిపల్లి గోదావరికి తూర్పు వైపున ఉన్నాయి కాబట్టి అక్కడ సాయంత్రం పొద్దు ఏటి మీద వాలుతుంది. నరసాపురం గోదావరి పాయ వశిష్ఠకు పడమటి ఒడ్డు, అక్కడ ఏటి మీది ఎండ ఉదయం దొరుకుతుంది. ఇది తెలియక నేను ఒకసారి తెల్లవారుజామునే బయలుదేరి కోటిపల్లి చేరి, రేవంతా నీడలో ఉంటే టీ తాగి తిరిగొచ్చాను.

ఇక అసలు సంగతి. రేవులోకి దిగగానే అందరూ ఏటికి ఎదురుగా ఉన్న గోడనే ఎంచుకుంటారు. సాయంత్రపు ఎండ దాని మీద తిన్నగా పడుతుంది. పెచ్చుల నీడలు పెచ్చుల వెనకే దాక్కుంటాయి, గోడ చదునుగా కనిపిస్తుంది. మీకు కావలసింది పక్క గోడ, అంటే ఏటికి అడ్డంగా నిలిచినది. ఎండ దాన్ని రాసుకుంటూ పోతుంది. అప్పుడు గోరంత పెచ్చుకు కూడా బెత్తెడు నీడ పడుతుంది. చలికాలంలో సూర్యుడు నైరుతి వైపు అస్తమిస్తాడు కనుక దక్షిణం వైపు చూసే గోడకు ఈ వెలుగు అందుతుంది. వేసవిలో వాయవ్యానికి జరుగుతాడు, ఉత్తరపు గోడ వెతకండి.

మనిషిని గోడకు ఆనించకండి. ఆరడుగులు ముందుకు తెచ్చి, ముఖం ఏటి వైపు తిప్పమనండి. గోడకు ఏటవాలుగా తగిలే ఎండే అతని ముఖానికి ఎదురు వెలుగు అవుతుంది. ఒకే సూర్యుడితో రెండు పనులు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరాకు 85 ఎం.ఎం. లెన్సు పెట్టి, మూడు మీటర్ల దూరం నుంచి ఎఫ్ 4 (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) దగ్గర తీస్తే సుమారు ఒక అడుగు లోతే స్పష్టంగా వస్తుంది. గోడ కొంచెం మసకబారుతుంది, అయినా అది పాత సున్నపు గోడ అని తెలుస్తూనే ఉంటుంది. అంతకంటే మసక చేస్తే ఇంత దూరం రావడమెందుకు, ఇంటి వెనక తీసుకోవచ్చు.

కెమెరా ఏం చూసినా దాన్ని నడిమి బూడిద రంగుకు లాగాలనుకుంటుంది. తెల్ల గోడ ఫ్రేమ్ నిండా ఉంటే వెలుగు తగ్గించేస్తుంది, చామనచాయ ముఖం నల్లగా మునిగిపోతుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుగు, ఒక స్టాప్ (రెండింతలకు) పెంచండి. తారు పూసిన పడవ దగ్గర దీనికి తిరగేసి చేయాలి. ఫోనుతో తీసేవారు ముఖం మీద వేలు నొక్కి పట్టి, వెలుగు గీతను జరుపుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు మోడల్. మనకు దొరికేది ఎక్కువగా వ్యాయామశాలకు వెళ్లే కుర్రవాడు. కెమెరా ఎత్తగానే ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగిస్తాడు, చేతులు ఏం చేయాలో తెలియక పిడికిళ్లవుతాయి. "సహజంగా ఉండు" అంటే ఇంకా బిగుసుకుంటాడు. పని చెప్పండి. మొన్న ఒక అబ్బాయికి పడవవారి తాడు ఇచ్చి, "తమ్ముడూ, దీన్ని మోచేతికి చుట్టు" అన్నాను. నాలుగో చుట్టుకు నన్ను మరిచిపోయాడు. అయిదో చుట్టులో ముడి పడింది, కనుబొమలు ముడిచి దాన్ని విప్పుతున్నప్పుడు తీసిందే ఆ రోజుకు మిగిలిన ఫొటో. మెడ మీద చెమట, తాడు పీచు అంటిన వేళ్లు, వెనక మసకగా సున్నం. తాడు ఇచ్చిన పెద్దాయన మాత్రం, "పడవ ఎక్కేటప్పుడు చెప్పులు విప్పండి బాబూ" అని ముందే చెప్పారు. ఎవరి వస్తువైనా అడిగి తీసుకోండి, ఫొటో పంపిస్తామంటే పంపండి.

మెట్ల మీద పాచి ఉంటుంది. మోడల్‌ని నీటి అంచు మెట్టు మీద వెనక్కి నడవమనకండి. నేను అలా చెప్పి, తడిసిన పంచెతో ఆ కుర్రవాడిని ఇంటికి పంపాల్సి వచ్చింది.

ఇంటి పని: ఒకే గోడ, ఒకే మనిషి. సాయంత్రం నాలుగు నుంచి పొద్దు వాలేదాకా అరగంటకొకటి తీయండి. మనిషి కదలకూడదని కాదు, మీరు కదలకూడదు. వచ్చే పాఠంలో వరద రోజుల ఎర్రనీరు ముఖం మీద వేసే రంగు చూద్దాం. దానికి ఒక తెల్ల థర్మోకోల్ అట్ట కొని ఉంచుకోండి.