ఓడలో మంచి గది, తక్కువ ధరకు: ముందు డెక్ ప్లాన్, తర్వాతే బేరం

క్రూయిజ్ బుక్ చేసేటప్పుడు చాలామంది మొదట అడిగే ప్రశ్న, "గదికి బాల్కనీ ఉందా?" నేను మొదట అడిగేది, "ఆ గదికి పైన ఏముంది, కింద ఏముంది?" అని. చీమ చిటుక్కుమన్నా నాకు మెలకువ వచ్చేస్తుంది. మా ఆయనకు ఓడ కాస్త ఊగితే చాలు, ఆ పూట భోజనం సహించదు. కాబట్టి మా ఇద్దరికీ మంచి గది అంటే నిశ్శబ్దంగా, తక్కువ ఊపుతో ఉండేది. సముద్రం కనిపించడం ఆ తర్వాతి మాట. మీ అవసరం వేరు కావచ్చు. అదేమిటో ధరలు చూడకముందే కాగితం మీద రాసుకోండి. కంపెనీలు ధర పెట్టేది గది రకాన్ని బట్టి, డెక్ ఎత్తును బట్టి. మీ నిద్ర, మీ కడుపు ఆ లెక్కలో ఉండవు. డబ్బు మిగిలేది అక్కడే.

ప్రతి ఓడకూ అంతస్తులవారీగా గీసిన డెక్ ప్లాన్ ఆ కంపెనీ సైట్‌లోనే దొరుకుతుంది. నచ్చిన గది నంబరు పట్టుకుని, సరిగ్గా అదే చోట పై డెక్‌లో ఏముందో, కింది డెక్‌లో ఏముందో చూడండి. పైన ఈతకొలను ఉంటే, తెల్లవారకముందే సిబ్బంది కుర్చీలు జరిపి సర్దే చప్పుడు మీ నెత్తి మీదే. పైన బఫే ఉంటే తోపుడు బండ్ల చప్పుడు. కింద థియేటరో డాన్స్ క్లబ్బో ఉంటే అర్ధరాత్రి దాటినా దరువు నేలలోంచి వస్తుంది. ప్లాన్‌లో పేరూ నంబరూ లేకుండా తెల్లగా వదిలేసిన చోట్లను కూడా అనుమానించాలి. సాధారణంగా అవి వంటగదులో, సామాను గదులో, సిబ్బంది తిరిగే దారులో అయి ఉంటాయి. ఓడ ముందు కొసన, కింది డెక్‌లలో లంగరు గొలుసు దిగే మోత, రేవులో ఓడను పక్కకు జరిపే థ్రస్టర్ల అదురు పొద్దున్నే లేపేస్తాయి. పక్క గదిలోకి తలుపు ఉన్న గదులకు ప్లాన్‌లో చిన్న గుర్తు వేస్తారు. ఆ తలుపు గోడలా చప్పుడును ఆపదు, అవతలివాళ్ల టీవీ మాటలు వినిపిస్తాయి. పిల్లలకు వేరే గది తీసుకునే కుటుంబానికి మాత్రం అలాంటి గదే కావాలి.

ఇవన్నీ తీసేస్తే మిగిలేది పైనా కిందా కూడా గదులే ఉన్న డెక్, అందులోనూ ఓడ నడిమి భాగం. పిల్లలు ఆడే సీ-సా బల్ల మధ్యలో కూర్చున్నవాడికి కుదుపు తెలియనట్టే, అలల మీద ఓడ ముందు, వెనక కొసలు ఎగిరిపడేటప్పుడు నడిమి గదులు తక్కువగా కదులుతాయి. పక్కలకు ఒరిగేటప్పుడు ఎత్తున ఉన్న డెక్‌లు ఎక్కువ ఊగుతాయి. అంటే కడుపులో తిప్పే వారికి కింది డెక్, నడిమి భాగం మేలు. ఒకే రకం గదికి కంపెనీలు చాలా కోడ్‌లు పెడతాయి: గది కొలత అదే, సామాను అదే, డెక్ పైకి వెళ్లే కొద్దీ ధర పెరుగుతుంది. నడిమి భాగానికి కొంత అదనంగా అడుగుతారు, అది ఇవ్వదగ్గదే. ఎత్తుకు అడిగే డబ్బు మాత్రం మేమెప్పుడూ ఇవ్వం. లిఫ్టు ఎక్కితే పై డెక్ ఎవరికైనా అందుతుంది కదా.

లోపం ఉందని కంపెనీయే చెప్పి ధర తగ్గించిన గదులను ఓపిగ్గా వెతకండి. మొదటివి, కిటికీ ముందు లైఫ్‌బోట్ అడ్డుగా ఉండే గదులు. అన్నింటికీ ఒకే స్థాయిలో అడ్డు ఉండదు. కొన్నిటికి కిటికీ నిండా పడవ గోడే కనిపిస్తుంది. కానీ పడవలు వేలాడే డెక్‌కు పైన ఉన్న గదుల్లో చాలావాటికి, కిందికి వంగి చూస్తే పడవ కప్పు కనిపిస్తుందే తప్ప ఎదురుగా చూస్తే సముద్రమే. రెండు పడవల మధ్య సందుకు ఎదురుగా పడిన గదులూ ఉంటాయి. ప్లాన్‌లో పడవల బొమ్మలు చూసుకుంటూ ఒక్కొక్క నంబరూ పోల్చండి. ఆ నంబరుకు ప్రయాణికులు తీసిన ఫొటోలు, వీడియోలు వెతకండి. ఇలా వెతికి తీసుకున్న గదిలోంచి మా అత్తగారు రోజూ సూర్యోదయం చూశారు, అదీ అడ్డం ఉన్న గది ధరకే.

రెండోవి, సముద్రం వైపు కాకుండా ఓడ లోపలి వైపుకు తెరుచుకునే బాల్కనీలు. రాయల్ కరీబియన్ కంపెనీ 2009లో ఒయాసిస్ ఆఫ్ ది సీస్ అనే ఓడతో వీటిని మొదలుపెట్టింది. ఆ ఓడ మధ్యలో సెంట్రల్ పార్క్ అనే తోట ఉంటుంది, దాని వైపు గదులకు కింద నిజమైన చెట్లు కనిపిస్తాయి. సముద్రం వైపు బాల్కనీల కంటే ఇవి చాలాసార్లు చవక. గాలి, వెలుతురు చాలనుకునేవారు తీసుకోవచ్చు. బాల్కనీలో నైటీతో కూర్చుంటే ఎదుటి గదుల వారికి కనిపిస్తామన్నది గుర్తుంచుకోండి. మూడోవి, కార్నివాల్ కంపెనీ ఓడల్లో కొన్నిటికి నీటికి దగ్గరగా, ఓడ పక్కగోడలో తొలిచినట్టు ఉండే కోవ్ బాల్కనీలు. నీడ ఉంటుంది, ఊపు తక్కువ, అలల చప్పుడు చెవి పక్కనే. నా దృష్టిలో పై డెక్ బాల్కనీ కంటే ఇదే గొప్ప. సముద్రం బాగా పోటెక్కినప్పుడు మాత్రం సిబ్బంది దాన్ని మూసేయవచ్చు.

ఒంటరిగా వెళ్లేవారికి కష్టం ఎక్కువ, చాలా గదులకు ఇద్దరి డబ్బూ ఒక్కరే కట్టాలి. నార్వీజియన్ కంపెనీ 2010లో ఎపిక్ ఓడలో ఒక్కరి కోసమే చిన్న స్టూడియో గదులు పెట్టింది; తర్వాత ఇతర ఓడల్లోనూ అలాంటివి వచ్చాయి. అవి త్వరగా అయిపోతాయి. పైగా ఒక్కోసారి మామూలు గదికి ఇద్దరి డబ్బు కట్టినా వాటికంటే తక్కువే పడుతుంది. రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక గ్యారంటీ గదులు. మీరు రకం మాత్రమే ఎంచుకుంటారు, నంబరు కంపెనీ ఇస్తుంది. కట్టిన రకం కంటే తక్కువది ఇవ్వరు, ఒక్కోసారి పై రకం వస్తుంది, ధరా తక్కువే. లోపలి గదికైతే ఇది మంచి బేరం, కిటికీయే లేనప్పుడు ఏ పక్కన ఉంటే ఏమిటి? కడుపులో తిప్పేవారు, పక్కపక్క గదులు కావలసిన కుటుంబాలు, నాలా నిద్ర తేలికైనవారు దీని జోలికి వెళ్లకపోవడం మంచిది. మిగిలిపోయే గదుల్లో డాన్స్ క్లబ్బు పైనున్నవీ ఉంటాయి మరి.

ఎప్పుడు కొనాలన్నది కూడా అంతే ముఖ్యం. ఏరికోరి ఫలానా గదే కావాలంటే టికెట్లు తెరిచిన కొత్తలోనే, అడ్వాన్సు తిరిగి వచ్చే షరతు మీద కొనండి. అక్కడితో మరిచిపోవద్దు. పూర్తి సొమ్ము కట్టాల్సిన గడువు చాలా కంపెనీల్లో ప్రయాణానికి సుమారు 90 రోజుల ముందు ఉంటుంది. సుదీర్ఘ యాత్రలకు ఇంకా ముందే. ఆ గడువు వరకు వారానికోసారి ధర చూస్తూ ఉండండి. తగ్గితే చాలా చోట్ల ఏజెంటు చేత కొత్త ధరకు మార్పించుకోవచ్చు, లేదా అదే డబ్బుకు పై గదిలోకి మారవచ్చు. షరతులు కంపెనీని బట్టి, కొన్న దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి బుకింగ్ రోజే అడిగి ఉంచుకోండి. గడువు దగ్గర పడ్డాక రద్దు చేసుకున్నవారి గదులు మళ్లీ అమ్మకానికి వస్తాయి. నెలల తరబడి దొరకని నడిమి బాల్కనీలు ఆ వారంలో కనిపిస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా కంపెనీలు పోటీపడి రాయితీలు ఇస్తాయి గానీ, వాటిలో చాలావరకు పానీయాల ప్యాకేజీలు, వైఫై. గదికి మీరు కట్టేది ఎంతో విడిగా లెక్కకట్టండి.

బాల్కనీ మీద పెట్టే డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం దక్కేది ఓడలు ప్రాంతం మారే ప్రయాణాల్లో. వసంతంలో కరీబియన్ నుంచి యూరప్‌కు, శరదృతువులో తిరిగి అటు వెళ్లే ఓడలు ఎలాగూ వెళ్లాలి కాబట్టి రోజుకు పడే ధర తక్కువ. వరసగా చాలా రోజులు సముద్రం మీదే కాబట్టి గదిని నిజంగా వాడుకుంటారు. యూరప్ నుంచి పడమరకు వచ్చే ప్రయాణమే నాకిష్టం: గడియారం చాలా రాత్రులు గంట వెనక్కి వెళ్తుంది, నిద్ర గంట ఎక్కువ. తూర్పుకు వెళ్లేటప్పుడు ఆ గంటలు పోతాయి. ఒకవైపు విమానం టికెట్ ధర కలుపుకొని చూస్తేనే ఇది చవకో కాదో తేలుతుంది.

పూర్తి సొమ్ము కట్టాక కొన్ని కంపెనీలు పై గదికి వేలం పాట పాడమని ఈమెయిల్ పంపుతాయి. రాయల్ కరీబియన్ వారి రాయల్‌అప్ అలాంటిదే. పాడే మొత్తం సాధారణంగా మనిషికి ఇంత అని ఉంటుంది, కాబట్టి రెండుతో గుణించి చూడండి. అదే గది ఆ రోజు ఎంతకు అమ్ముతున్నారో చూసి, మీరు కట్టినదానికీ దానికీ ఉన్న తేడా లెక్కకట్టండి. పాట అందులో సగం దాటితే నేను ఆగిపోతాను. పాట ఒప్పుకున్న క్షణమే కార్డు నుంచి డబ్బు పోతుంది, వెనక్కి రాదు. ఏ నంబరు వస్తుందో మీ చేతిలో ఉండదు. కష్టపడి ఎంచుకున్న నిశ్శబ్దమైన గదిని వదిలి, ఈతకొలను కింద ఉన్న పెద్ద గదిలోకి వెళ్లడానికి మీరు డబ్బిస్తున్నారేమో చూసుకోండి. సూట్‌లకు రోజువారీ టిప్పు కూడా ఎక్కువగా ఉంటుంది. ఏరి తీసుకున్న గదిని ఉచితంగా కూడా మార్చవద్దని బుకింగ్‌లో రాయించండి. ఏజెంటుకు చెబితే చేస్తారు.

ఒక్క గట్టి మాట: వీల్‌చైర్ వాడేవారి కోసం కట్టిన గదులు విశాలంగా ఉన్నాయని అవసరం లేకుండా తీసుకోకండి. ఓడంతటికీ అవి కొన్నే ఉంటాయి.

ఓడ ఎక్కిన రోజు రిసెప్షన్‌లో బతిమాలితే మంచి గది ఇస్తారన్న ఆశ పెట్టుకోవద్దు, ఓడలు చాలాసార్లు నిండుగానే బయలుదేరతాయి. కానీ గదిలో వాసన, నీళ్ల కారడం, ఆగని మోత ఉంటే మాత్రం మొదటి రాత్రే వెళ్లి చెప్పండి. ఫోనులో ఆ చప్పుడు రికార్డు చేసి, సమయం రాసుకుని వెళ్లండి. ఎవరైనా ఓడ అందుకోలేకపోతే ఖాళీ అయిన గది ఏదైనా ఉందా, మీ పేరు రాసుకుంటారా అని అడగండి. మర్నాడు ఉదయం మళ్లీ వెళ్లి కనుక్కోండి.